సేతువ పుంజు మార్చుకున్న ఉంగరం

పశువుల పరిశోధన కేంద్రం వెనకున్న కోళ్ల షెడ్డులో ఆ ఏడు కొక్కెర తెగులు పడింది. నూటికి అరవై పోయాయి. కొన్ని చావు తప్పి కన్ను లొట్టబోయినట్టు బతికాయి. మెడ వంకరపోయిన నల్లపెట్ట వాటిలో ఒకటి. తెల్లటి ఈకల సేతువ పుంజును మాత్రం తెగులు తాకనే లేదు. తన కూత లేకపోతే తెల్లవారదనుకునే రకం అది. తెగులున్న ఇరవై రోజులూ షెడ్డు దూలం మీంచి దిగలేదు.

తెగులు తగ్గాక డాక్టరమ్మ ప్రతి కోడికీ రెక్క కింద సూది గుచ్చి చుక్క నెత్తురు తీసింది. కాలి ఉంగరం మీది నంబరు చూసి సీసా మీద రాసుకుంది. పెట్టది ఇరవై ఏడు, పుంజుది ముప్ఫై ఒకటి.

కంప్యూటరు గది గోడ మీద కాపురముండే బల్లిని పుంజు కిటికీ దగ్గర ఆపి అడిగింది.

"అత్తా, ఆ నెత్తురుతో ఏం చేస్తారు?"

"చుక్కలో ఒంటిరాత ఉంటుంది. కంప్యూటరు దాన్ని అక్షరం అక్షరం చదివి, ఒక కోడి రాతను ఇంకో కోడి రాతతో పోలుస్తుంది. తెగులుతో పోరాడి గెలిచిన ఒళ్లు ఆ శత్రువును మర్చిపోదు. ఆ గుర్తున్నవాళ్లను ఇక్కడే ఉంచుకుని, తెగులు కిటుకు తెలుసుకుంటారు."

"గుర్తు లేనివాళ్లనో?"

"శుక్రవారం బండెక్కించి కోతకు పంపుతారు. అదీగాక ఆ రాతలో..."

బండి మాట విన్నాక పుంజుకు మిగతాది వినబుద్ధి కాలేదు. నేరుగా పెట్ట దగ్గరికి నడిచింది.

"మరదలా, ఉంగరం ఒరుసుకుని కాలు వాచినట్టుందే."

"రోగం పడ్డ కాలు బావా. ఏదైనా ఒరుసుకుంటుంది."

"నాది వదులు. నువ్వు పెట్టుకో. నీది నేను భరిస్తాలే."

"నా గింజలు కూడా నువ్వే తినేవాడివి. ఇంత జాలి ఎప్పట్నుంచి?"

"దూలం మీంచి అందరి చావూ చూశాను కదే. మనసు మారింది."

పెట్ట నమ్మలేదు. కానీ కాలు నిజంగానే సలుపుతోంది. అవి ప్లాస్టిక్ చుట్టలు కాబట్టి ముక్కుతో లాగితే వచ్చేశాయి.

శుక్రవారం డాక్టరమ్మ కాగితంతో వచ్చింది.

"ముప్ఫై ఒకటిలో గుర్తు లేదు, బండికి. ఇరవై ఏడులో బాగా ఉంది, ఉంచండి."

పెట్టను గంపలో వేశారు. అప్పటికి గానీ దానికి ఉంగరం సంగతి తెలిసిరాలేదు. తెగులు వచ్చిన రోజుల్లో కూడా దానికి ఇంత కష్టం తోచలేదు. పుంజు మాత్రం ఛాతీ విరుచుకుని డాక్టరమ్మ ముందు నిలబడింది.

ఆవిడ ఉంగరం చూసింది, కాగితం చూసింది, పుంజు నెత్తిన ఎర్రటి జుట్టు చూసింది.

"ఇరవై ఏడు పెట్ట నెత్తురని వచ్చిందే. ఇదేమో పుంజు. ఎక్కడో తారుమారైంది. ఈ రెండింటికీ మళ్లీ తీయండి. అందాకా బండి కదలదు."

పుంజు కిటికీ కిందికి పరుగెత్తింది. "అత్తా, నెత్తురుకు కూడా ఆడా మగా ఉంటుందా?"

"ఒంటిరాతలో అదీ ఉంటుంది నాయనా. చెప్పబోతుంటే నువ్వు ఆగితేగా."

మర్నాటి కాగితంలో నిజం బయటపడింది. పెట్టను గూటికి చేర్చి, పుంజును గంపలో వేశారు.

"మరదలా, నాకూ కాస్త జ్వరం తగిలిందని వాళ్లకు చెప్పవే," అంది పుంజు గంపలోంచి.

"చెప్తాను బావా. నేనేం చెప్పినా వాళ్లకు కొక్కొక్కో అనే వినిపిస్తుంది. వాళ్లకు అర్థమయ్యేలా చెప్పేది నీ నెత్తురొక్కటే. అదేమో చెప్పాల్సింది చెప్పేసింది."

బండి కదిలింది.

ఉంగరం ఒకరిది ఒకరు పెట్టుకోవచ్చు గానీ, ఒకరు పడ్డ పాట్ల ఫలం ఇంకొకరి ఒంటికి పట్టదు.