పసుపెక్కిన పెళ్లి ఫోటోలు

"ఇంట్లో అందరూ ఒక్కసారే చెడిపోతే, దిద్దడం ఎవరితో మొదలుపెట్టాలి గురువుగారూ?" అని కామరాజు అడిగాడు.

కామరాజు నీటిపారుదల శాఖలో పనిచేసి ఆ ఏడాదే రిటైరయ్యాడు. రేపల్లెలో నాగలింగయ్య గారి వసారాలో ఆదివారం సాయంత్రాలు మేం కొందరం కూర్చునేవాళ్లం. అందరికంటే ముందు వచ్చేది అతనే. ఆ రోజు అతని మొహం బాగా వాడిపోయి ఉంది. భార్య మాట వినడం లేదట. కొడుకు ఎదురు చెబుతున్నాడట. కోడలు కాఫీ ఇచ్చే తీరులో కూడా మర్యాద లేదట. రోజూ పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టి చెబుతున్నాడు. చెప్పినకొద్దీ ఇల్లు ఇంకా పాడవుతోంది. కొడుకు వేరే ఇల్లు వెతుక్కుంటున్నాడన్న మాట చివర్న నెమ్మదిగా చెప్పి, తల దించుకున్నాడు.

నాగలింగయ్య గారు ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే మనిషి కాదు. తెలిసినవాళ్ల ఇంట్లో జరిగిందేదో చెప్పి ఊరుకునేవారు. ఆ రోజు చెప్పింది ఆయన మేనకోడలు పద్మలత సంగతి.

పద్మలతకు తెనాలిలో ఫోటో స్టూడియో ఉంది. ఫోటోలు తీసేది యోహాను. వాటిని కంప్యూటర్లో సరిచేసి ఆల్బం తయారుచేసేది ఆమె. చాలా ఏళ్లుగా ఇద్దరూ కలిసి పనిచేస్తున్నారు. ఆమెకు అతను అన్న వరస, అతనికి ఆమె చెల్లెలు. ఒకసారి ఒక పెళ్లి ఫోటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించుకుని, కెమెరా కార్డు అతనికి తిరిగి ఇచ్చేసింది. మర్నాడు గది కడిగించి, బల్ల కిటికీ వైపుకు జరిపించి, తీరిగ్గా ఆ ఫోటోలు తెరిచింది. అన్నీ పసుపుగా ఉన్నాయి. పెళ్లికొడుకు మొహం పచ్చకామెర్ల మనిషి మొహంలా ఉంది. తలంబ్రాల బియ్యానికీ తెల్లటి పంచెకీ తేడా లేకుండా అంతా ఒకటే పసుపు.

"కెమెరా సెట్టింగు చూసుకోలేదా అన్నా?" అని అడిగింది.

"చూసుకోకుండా ఎప్పుడు తీశానమ్మా? కెమెరాలో బాగానే కనబడ్డాయి."

"అయితే నా కళ్లకు కనబడేది అబద్ధమా? ఈమధ్య నీకు పని మీద ధ్యాస తగ్గింది."

యోహాను కెమెరా సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

పద్మలత పంతంగా కూర్చుంది. ఒక్కో ఫోటోకీ నీలం కలిపింది. పసుపు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ కనబడుతుంటే ఇంకొంచెం కలిపింది. మెడ పట్టేసినా లేవలేదు. చూడదగ్గట్టు అయ్యాయనుకున్నాక పాతవాటి మీదే సేవ్ చేసి, కొన్నిటిని అచ్చు వేయించడానికి ల్యాబుకు పంపింది. తిరిగి వచ్చిన ఫోటోల్లో పెళ్లికూతురు చలికి బిగుసుకుపోయిన మనిషిలా నీలంగా ఉంది. ల్యాబుకు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడింది. "మిగతావాళ్లవి బాగానే వస్తున్నాయి మేడం," అన్నాడు అవతలి మనిషి. ఆమె ఫోన్ పెట్టేసింది. యోహానుతో పాటు ఇప్పుడు ల్యాబువాళ్లు కూడా చెడ్డవాళ్లే అయ్యారు.

అంతలో పెళ్లికూతురి తండ్రి ఫోన్ చేశాడు. పెళ్లి అయిన కొద్ది రోజులకే ఆయన తల్లి చనిపోయింది. పెళ్లిపందిట్లో కుర్చీలో కూర్చుని నవ్వుతున్న ఆవిడ ఫోటో ఒకటి ఉంది. "అమ్మ ఫోటో ఇంకెక్కడా లేదమ్మా. పెద్దకర్మకు ఫ్రేము కట్టించాలి. ముందు అదొక్కటి ఇవ్వు," అన్నాడు.

పద్మలత ఆ ఫోటో తెరిచింది. ముసలావిడ తెల్లచీర ఇంకా పసుపు ఛాయలోనే ఉంది. వెలుగు కాస్త తగ్గించి చూద్దామని మానిటర్ కింద ఉన్న బటన్ నొక్కింది. తెర మధ్యలో సెట్టింగుల పెట్టె వచ్చింది. అందులోని అక్షరాలు తెల్లగా ఉన్నాయి. ఇస్త్రీ చేసిన పంచె ఎంత తెల్లగా ఉంటుందో అంత తెల్లగా.

ఆమె వేలు బటన్ మీదే ఉండిపోయింది. ఆ పెట్టెను మానిటర్ తనంతట తానే చూపిస్తుంది. ఫోటో మాత్రం కంప్యూటర్ నుంచి వైరు గుండా రావాలి. మానిటరే పాడైతే ఆ అక్షరాలూ పసుపుగానే ఉండాలి. అప్పుడు మొదటిసారి ఫోటో వదిలి తెరంతా చూసింది. మూలనున్న గడియారం పసుపు. ఫైళ్ల పేర్లు పసుపు. ఖాళీ పేజీ తెరిస్తే అదీ పసుపే. ఇన్నాళ్లూ అవన్నీ కళ్లెదుటే ఉన్నాయి.

కంప్యూటర్ ఆపి, వంగి బల్ల వెనక చూసింది. బల్ల జరిపినప్పుడు వైరు లాగినట్టుంది. మానిటర్ దగ్గర ఒక మర ఊడి, ప్లగ్గు ఒక పక్కకు ఒరిగి ఉంది. తీసి, తిన్నగా పెట్టి, రెండు మరలూ బిగించింది. మళ్లీ ఆన్ చేసేసరికి పేజీ తెల్లగా వచ్చింది. ఊపిరి పీల్చుకుని ముసలావిడ ఫోటో తెరిచింది. ఆవిడ నీలంగా ఉంది. తను దిద్దినవన్నీ అలాగే ఉన్నాయి.

పద్మలత స్టూడియోకి తాళం కూడా వేయకుండా యోహాను ఇంటికి వెళ్లింది. అతను గడప దగ్గర కూర్చుని, ఇంకొకరి పనికి కెమెరా సర్దుకుంటున్నాడు.

"అన్నా, ఆ పెళ్లి ఫోటోలు కెమెరా కార్డులోంచి చెరిపేశావా?"

"ఆల్బం వాళ్లింటికి చేరేదాకా నేనేదీ చెరపనుగా," అన్నాడు అతను, తల ఎత్తకుండా.

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుంది. "నీ ఫోటోల్లో ఏ తప్పూ లేదన్నా. నా దగ్గర వైరు వదులైంది," అంది. యోహాను లేచి లోపలికి వెళ్లి కార్డు తెచ్చాడు. ఆమెతో స్టూడియోకి తనూ వచ్చాడు. ముసలావిడ తెల్లచీరలో, వెనక లేతనీలం పరదాతో, ఎలా నవ్విందో అలాగే తెర మీదకు వచ్చింది. ఫోటో పెద్దకర్మకు అందింది.

గురువుగారు అంతవరకు చెప్పి ఆగారు. కామరాజు తువ్వాలుతో మొహం తుడుచుకుని, వచ్చినప్పటి నుంచీ మొదటిసారి చిన్నగా నవ్వాడు. బరువు దించుకున్న మనిషి నవ్వులా ఉంది అది.

"మరి ఆ అమ్మాయి అన్నాళ్లు కూర్చుని దిద్దిన ఫోటోలో?" అని అడిగాడు.

"తీసేసింది," అన్నారు నాగలింగయ్య గారు. "అంత కష్టపడి దిద్దినవి కదా, కాసేపు చెయ్యాడలేదట."