గొర్రెలు పాఠం విన్న కొండ

దక్షిణ డకోటా రాష్ట్రపు తూర్పు మైదానంలో, హాల్వోర్ అనే చిన్న పట్టణానికి రెండు మైళ్ళ దూరంలో ఉత్తరాన గొర్రెల కొండ కళాశాల వెలసి ఉంది. కొండ అన్న పేరేగాని అది ఒక ఎత్తయిన మెట్ట మాత్రమే. చుట్టూ కనుచూపుమేర గోధుమ చేలు పళ్ళెంలా పరుచుకుని ఉండడం వల్ల, ఆ మాత్రం ఎత్తే ఎంతో దూరానికి కొండలా కనబడుతుంది. ఇక్కడ తొమ్మిది వందల మంది విద్యార్థులు ఉపాధ్యాయ విద్య, పశువైద్యం, వ్యవసాయం చదువుకుంటున్నారు. మహానగరాల విశ్వవిద్యాలయాలకుండే ఆర్భాటం దీనికి లేదు. అయినా చుట్టుపక్కల ఏ ఊరి బడికి వెళ్ళినా, ఏ పశువుల ఆసుపత్రికి వెళ్ళినా, అక్కడ పనిచేసేవారిలో సగం మంది ఈ కొండ దిగి వచ్చినవారే. ఇంతటి విద్యాక్షేత్రానికి గొర్రెల పేరు ఎలా వచ్చిందో తెలిపే కథ ఇది.

పూర్వం ఇక్కడ బడి లేదు, చెట్టు లేదు. గడ్డి, గాలి, రాళ్ళు ఉండేవి. ఆ కాలంలో నార్వే దేశం నుంచి వచ్చిన రాగ్నా అనే ఆమె కొండ దిగువన గొర్రెలు కాసుకుంటూ బతికేది. ఆమె భర్త నీల్స్ ఏటా దున్నినప్పుడల్లా పైకి తేలే రాళ్ళను ఏరి గట్టున పోగులు పెట్టీ పెట్టీ, నాలుగో ఏట విషజ్వరంతో కన్నుమూశాడు. రాగ్నాకు చదువు రాదు. భర్త పోయిన ఏడాదే ఒక వర్తకుడు కాగితం తెచ్చి, వాగు ఒడ్డు బీడును ఒక్క వేసవికి మేతకు ఇస్తున్నట్టు రాసి ఉందని చెప్పాడు. ఆమె నమ్మి, సంతకానికి బదులు అడ్డగీత, నిలువుగీత గీసింది. ఆ బీడు మళ్ళీ ఆమె చేతికి రాలేదు. నీళ్ళున్న నేల అదొక్కటే. ఆనాటి నుంచి కాగితం కనబడితే చాలు, ఆమె గుండె దడదడలాడేది.

ఒక వసంతకాలంలో తప్పిపోయిన ఈనుమోపు గొర్రెను వెతుక్కుంటూ రాగ్నా కొండ ఎక్కింది. అక్కడ మట్టిపెళ్ళలతో కట్టిన గుడిసెలో గొర్రె ఈని ఉంది. పక్కనే బక్కచిక్కిన మనిషి ఒకడు తన కోటు విప్పి పిల్లకు కప్పి, తాను చలికి వణుకుతూ ఏదో రాసుకుంటున్నాడు. ఆయన పేరు ఎలియాస్. తూర్పు రాష్ట్రాల్లో ఉపాధ్యాయుడిగా చేసినవాడు. ఈ మైదానానికి ఒక కళాశాల రావాలన్న పట్టుదలతో, బంగాళాదుంపలు తిని బతుకుతూ, మూడేళ్ళుగా ప్రభుత్వానికి ఉత్తరాలు రాస్తున్నాడు. పూర్వం మునులు చేసిన తపస్సుకు అది ఏమాత్రమూ తీసిపోదు.

"ఇన్నాళ్ళకు జవాబు వచ్చిందమ్మా," అన్నాడాయన. "అక్టోబరు ముగిసేలోగా నాలుగు గోడలు, పైకప్పు ఉన్న భవనం చూపిస్తే ఉపాధ్యాయ కళాశాల ఇస్తారట. లేకపోతే వేరే ఊరికి పోతుంది. ఇక్కడ చూస్తే కర్ర ముక్క దొరకదు."

రాగ్నా ఒక కాగితాన్ని భయం లేకుండా చూడడం అదే మొదటిసారి. "నాలాంటిదానికి కూడా అందులో చదువు చెబుతారా మాస్టారూ?" అని అడిగింది.

"ముందు కట్టనీ. తలుపు దగ్గర నిన్ను ఆపేవాడు ఎవడో నేను చూస్తాను."

ఆ మరుసటి వారం మిట్టమధ్యాహ్నం, మందను మేపుతూ ఆమె కాస్త కునుకు తీసింది. కలలో నీల్స్ పెద్ద రాయి ఎత్తుకుని, చెమటలు కారుతూ కొండ ఎక్కుతున్నాడు. "దించవయ్యా, నడుం విరుగుతుంది," అందామె. "ఎక్కడ దించను? గోడ ఎక్కడో చూపించు," అన్నాడతను. రాగ్నా ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా గట్టున అతను పోగుచేసిన రాళ్ళు ఎండలో మెరుస్తున్నాయి.

ఆదివారం ప్రార్థన ముగిశాక ఆమె లేచి నిలబడి కల సంగతి చెప్పి, చేలల్లోని రాళ్ళతో బడి కడదామంది. పదిమందిలో నోరు విప్పడం ఆమెకు అదే తొలిసారి. ఊళ్ళో పెద్ద రైతు ఆగస్ట్ క్రూట్జ్ పడీపడీ నవ్వాడు. "రాళ్ళు ఏరడానికే మన బతుకులు చాలడం లేదు. ఇప్పుడు వాటికి చదువు కూడానా?" అన్నాడు.

రాగ్నా మర్నాడు పొద్దున్నే ఎద్దుకు చెక్కబల్ల కట్టి, రాళ్ళు వేసుకుని కొండకు చేర్చడం మొదలుపెట్టింది. ఎనిమిది రోజులు ఆమె, మాస్టారు ఇద్దరే మోశారు. తొమ్మిదో రోజున పొరుగు రైతు వచ్చి, "మా చేలో రాళ్ళు కూడా పట్టుకుపోతావా?" అని కాస్త బిడియంగా అడిగాడు. రాళ్ళ పీడ వదిలించుకోవాలని లేనిదెవరికి? పదిహేను రోజుల్లో కొండకు బళ్ళు వరుస కట్టాయి. సెప్టెంబరు చివరికి నాలుగు గోడలూ నిలువెత్తు లేచాయి.

పైకప్పు మాత్రం లేదు. ఆ చుట్టుపక్కల దూలాలు ఉన్నది ఒక్క క్రూట్జ్ దగ్గరే. కొత్త పశువుల కొట్టం కోసం రైల్లో తెప్పించుకున్నాడు. రాగ్నా వెళ్ళి అతని వాకిట్లో నిలబడింది.

"ఆ దూలాలు ఇప్పించండి క్రూట్జ్ గారూ."

"ఇచ్చి, నా ఆవుల్ని చలికాలమంతా ఎక్కడ కట్టుకోమంటావు?"

"నా కొట్టంలో కట్టండి."

"మరి నీ గొర్రెలో?"

"వాటికి ఉన్ని ఉంది," అంది రాగ్నా. ఆ మైదానంలో చలి అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. క్రూట్జ్ ఆ సాయంత్రమే దూలాలను బండికెత్తించాడు. భవనం చూడడానికి ప్రభుత్వ అధికారి వచ్చేనాటికి కప్పు పడింది. నవంబరులో పదకొండు మంది విద్యార్థులతో కళాశాల మొదలైంది. గొర్రెల పని వదిలి రాలేక రాగ్నా మాత్రం చేరలేదు.

జనవరిలో ఒకనాడు ఎండ కాస్తుండగానే ఆకాశం తెల్లబడి, మంచు తుఫాను విరుచుకుపడింది. గడ్డిమోపుల చాటున నిలిపిన మంద కళ్ళముందే మంచులో కూరుకుపోసాగింది. రాగ్నా ఒక్కొక్క గొర్రెనే చేతులతో తవ్వి తీస్తోంది. తీసినదాన్ని పెట్టడానికి చోటు లేదు. పిలిస్తే వినేవారు కూడా లేరు. అప్పుడు గాలిలో బడి చేతిగంట మోగింది. కొండ మీద నుంచి ఎలియాస్ మాస్టారు, పదకొండు మంది విద్యార్థులు నడుముకు ఒకే తాడు కట్టుకుని, తడుముకుంటూ దిగి వచ్చారు.

"బడిలోకి తోలు రాగ్నా!" అని అరిచారు మాస్టారు.

"కొత్త గది మాస్టారూ, పాడైపోతుంది!"

"గొర్రెలు చస్తుంటే ఆ గదిలో కూర్చుని నేనేం పాఠం చెప్పను? తోలు!"

నూట ఇరవై గొర్రెల్లో తొంభై ఆరు ఆ గదికి చేరాయి. తుఫాను మూడు రోజులు ఆగలేదు. పాఠమూ ఆగలేదు. గొర్రెల మధ్యనే బల్లలు వేసుకుని విద్యార్థులు చదువుకున్నారు. వెనక వరసలో, తడి ఉన్నికి ఆనుకుని రాగ్నా కూర్చుంది. మాస్టారు ఆమె ఒళ్ళో పలక పెట్టారు. మొదటి రోజు ఆమె వేళ్ళు కొంకర్లుపోయి గీత పడలేదు. రెండో రోజు రెండక్షరాలు వచ్చాయి. మూడో రోజు గాలి తగ్గేసరికి తన పేరు పూర్తిగా రాసి, ఆ పలకను రెండు చేతులా పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇంటిపేరు నేర్చేలోపు తుఫాను ఆగిపోయింది.

తర్వాత గడ్డి బండి తోలుకుని వచ్చిన క్రూట్జ్, గుమ్మంలో టోపీ తీసి చేత పట్టుకుని నిలబడిపోయాడు. ఆ పలక మీద అక్షరాలు ఎలా ఉన్నాయో అలాగే, వంకరలతో సహా గుమ్మం పైరాతి మీద దగ్గరుండి చెక్కించినవాడు అతనే. నేటికీ ఆ రాతి గదికి ఉన్న పేరు రాగ్నా అన్న ఒక్క మాటే. ఆమె ఆ మరుసటి ఏడాదే కళాశాలలో చేరి, అరవయ్యో ఏట పట్టా పుచ్చుకుని, వాగు అవతలి బడిలో పదకొండేళ్ళు పాఠాలు చెప్పింది.

నేటికీ ఏటా తొలి మంచు కురిసిన రోజున కళాశాల మందను ఆ గదిలోకి తోలి, గొర్రెల మధ్య కొత్త విద్యార్థులకు మొదటి పాఠం చెప్పడం ఆచారం. ఆ రోజు చదువు రానివారు ఎవరు వచ్చి కూర్చున్నా, ఊరు పేరు అడగకుండా పలక ఇచ్చి, వారి పేరు వారు రాసేదాకా పక్కన కూర్చుని నేర్పుతారు. పాలకేంద్రాల్లో పనికి దూరదేశాల నుంచి వచ్చినవారు, ధాన్యం తూచే కాటాల దగ్గర వేలిముద్ర వేసే ముసలి రైతులు ఆ రోజు కోసం ఎదురుచూస్తారు. అక్కడ పలక పట్టినవారి చదువు మధ్యలో ఆగదని, వారి నేల పరుల పాలు కాదని ఈ ప్రాంతంవారి నమ్మకం. దర్శించవచ్చేవారు ఉన్ని దుస్తులు తప్పక తెచ్చుకోవాలి. పలకలు గుమ్మానికి ఎడమవైపు చెక్కపెట్టెలో ఉంటాయి. ఎవరినీ అడగకుండానే తీసుకోవచ్చు.