పీతమ్మకు జరిగిన సన్మానం

అనగనగా ఒక సముద్రపు ఒడ్డున, సరుగుడు తోటకు దిగువన, నూకాలు అనే పీత ఉండేది. ఎంత పీత అనుకున్నారు? మీ బొటనవేలి గోరంత! కానీ దాని పనితనం చూస్తే నోరు వెళ్లబెట్టాల్సిందే.

ఆ జాతి పీతలు తడి ఇసకను నోట్లో వేసుకుంటాయి. అందులో ఉన్న తిండిని ఏరుకుని తింటాయి. మిగిలిన ఇసకను సగ్గుబియ్యం గింజంత ఉండ చేసి పక్కన పడేస్తాయి. మిగతా పీతలన్నీ ఆ ఉండలను ఎక్కడ పడితే అక్కడ వదిలేసేవి. నూకాలు అలా కాదు. ఒక్కో ఉండనూ చోటు చూసి పెట్టేది. కాసేపటికి కన్నం చుట్టూ మెలికల ముగ్గు తయారయ్యేది. ఒకరోజు పద్మం, ఒకరోజు తీగలు, ఒకరోజు దానికే పేరు తెలియని వింత.

సాయంత్రం పోటు వచ్చేది. ముగ్గంతా కొట్టుకుపోయేది. మళ్లీ నీళ్లు వెనక్కి తగ్గగానే నూకాలు కన్నంలోంచి తల బయటపెట్టేది. "అమ్మయ్య, వాకిలి అలికేశారు!" అని కొత్త ముగ్గు మొదలుపెట్టేది.

ఇందులో ఎవరికైనా నష్టముందా? లేదు కదా! కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కానీ ఈ లోకంలో కత్తిపీటలే ఎక్కువర్రా.

ఒకరోజు ఒక కొంగ వచ్చి ఒంటికాలి మీద నిలబడింది. "పాపం నూకాలూ! పొద్దుట్నుంచీ నడుం విరగ్గొట్టుకున్నావు. అంతా నీళ్లపాలేగా!" అంది.

"పోతే పోయింది కొంగ బాబాయ్. రేపు ఇంకోటి వేసుకుంటాను" అంది నూకాలు.

మర్నాడూ కొంగ వచ్చింది. "పాపం!" అంది. మూడో రోజూ వచ్చింది. "నీ పేరు చెప్పుకోవడానికి ఒక్క గీతైనా మిగలదే, పాపం!" అంది. ఆ కొంగ తన జన్మలో ఒక్క గీత గీసి ఎరగదు. చేపలు మింగడం తప్ప ఇంకో పని రాదు. అదొచ్చి జాలిపడటం! అడక్కుండా పంచే జాలి చెదపురుగులాంటిది పిల్లలూ. పైకి కనబడదు. లోపల్నుంచి తినేస్తుంది.

నాలుగో రోజు ముగ్గు వేస్తూ వేస్తూ నూకాలు ఆగింది. మొదటిసారి తల తిప్పి, అలలవైపు భయంగా చూసింది.

సరిగ్గా అప్పుడే జంబయ్య వచ్చాడు. జంబయ్యంటే సరుగుడు తోటలో ఉండే నక్క. ఎవరో ఒకరికి సన్మానం చేయడం, ఆ సభలో తానే గంటలకొద్దీ మాట్లాడటం వాడి పని. అంతకుముందు కోయిలకు సన్మానమని పిలిచి, కోయిలను ఒక్క పాటైనా పాడనివ్వలేదు, మహానుభావుడు.

"నూకాలమ్మా! నీ కళ ఇలా ఉప్పునీళ్లలో కలిసిపోతుంటే నా గుండె తరుక్కుపోతోంది" అన్నాడు జంబయ్య. "అదిగో, పోటు అందని ఆ మెరక మీద ఒక్క ముగ్గు వేయి. నాలుగు రోజుల్లో సభ పెట్టి, గూడబాతు గారిని ముఖ్య అతిథిగా పిలుస్తాను. నీకు శాలువా కప్పిస్తాను. నీ ముగ్గు కలకాలం నిలిచిపోతుంది."

పక్క కన్నంలోంచి పైడమ్మ అనే ముసలి పీత ఇదంతా విన్నది. "కోడలా, అక్కడంతా పొడి ఇసకే. మనకు తిండి దొరకదు. ఒళ్లు తడి ఆరిపోతే ఊపిరి కూడా ఆడదు. వెళ్లకే" అంది.

"నాలుగు రోజులేగా అత్తా! ఎన్నాళ్లని నీళ్లపాలు చేసుకోమంటావు?" అంది నూకాలు. ఆ మాట తనది కాదు. కొంగది. తన నోట్లోంచి వచ్చింది, అంతే.

దిగువ నుంచి ఒక్కో తడి ఉండనూ మోసుకుంటూ నూకాలు మెరక ఎక్కింది. రోజంతా మోసింది. పొద్దుగూకేసరికి పెద్ద పద్మం పూర్తయింది. ఆ సాయంత్రం పోటు వచ్చింది, దిగువనే ఆగి వెళ్లిపోయింది. ముగ్గు చెక్కు చెదరలేదు. నూకాలు పొంగిపోయింది.

మర్నాడు గాలి వీచింది. ఎండిన ఉండలు ఒక్కొక్కటే పొడి అయిపోయాయి. నూకాలు కిందకీ మీదకీ తిరుగుతూ కొత్త ఉండలు తెచ్చి అతికించింది. రెండో రోజు చీమలు బారులు తీరి వచ్చాయి. వాటిని తరమడంతోనే సరిపోయింది. మూడో రోజు తీగ ఒకటి అటు పాకుతుంటే, దాన్ని కొరికి కొరికి నోరు పుండయింది. ఇంక కొత్త ముగ్గు వేసే తీరికేది? తినే తీరికేది? కాపలా కాయడమే పనైపోయింది. పద్మాన్ని చూస్తే ముచ్చటేసే కాలం పోయి, ఎక్కడ చెదిరిందోనని గుండె దడ పట్టుకుంది.

నాలుగో రోజు సభ జరిగింది. కొంగలు, కాకులు, తొండలు అన్నీ చేరాయి. మూతి కింద సంచీ వేలాడేసుకుని గూడబాతు గారు వేంచేశారు. జంబయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఈ చిన్నారి కళను సముద్రం నోట్లోంచి లాగి కాపాడిందెవరు? నేనే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. "మెరక చూపించిందెవరు? నేనే!" అన్నాడు. మళ్లీ చప్పట్లు. నూకాలు ఎండకు ఎండిపోతూ, ఊపిరి అందక, ఓ మూల కూర్చుంది. ఒక్కరూ మంచినీళ్ల మాటెత్తలేదు. అడగరు. సన్మానం చేసేవాళ్లకు ఆ ధ్యాసెందుకు ఉంటుంది?

చివరికి ఒక పెద్ద ఆకు తెచ్చి శాలువా అన్నారు. అది నూకాలును నిలువునా కప్పేసింది. కళ్లూ మూసుకుపోయాయి. అంతలో గూడబాతు గారికి ఆకలేసింది.

"భోజనాలు ఎటువైపు?" అంటూ ఆయన లేచాడు. బరబరా నడిచాడు. ఎక్కడనుంచి నడిచాడు? పద్మం మీదినుంచే! ఆయన వెనకాల జంబయ్య. జంబయ్య వెనకాల సభంతా.

నూకాలు ఆకు కిందనుంచి బయటికి వచ్చి చూసేసరికి ఒక్క రేకు మిగల్లేదు.

"జంబయ్య మావా, నా ముగ్గు!" అంది.

"పోనీలేవమ్మా! సన్మానం దివ్యంగా జరిగిందిగా!" అన్నాడు జంబయ్య.

అప్పుడు మండింది నూకాలుకు! మండదూ మరి? ఆ ఆకును రెండు డెక్కలతో పట్టుకుని పర్రున చింపేసింది.

"ఆగండి! అందరూ ఆగండి!" అని అరిచింది. గోరంత పీత గొంతుకు సభంతా ఉలిక్కిపడింది. "సముద్రం నా ముగ్గును వెయ్యిసార్లు చెరిపింది. ఒక్కసారైనా నన్ను పస్తు పెట్టలేదు. చెరిపిన చోటే తడి చేసి, తిండి పెట్టి, మళ్లీ వేసుకోమంది. మీరేమో నాలుగు రోజులు నన్ను గౌరవించారు! ఈ నాలుగు రోజుల్లో నేను తిన్నది లేదు, నవ్వింది లేదు, ఒక్క కొత్త గీత గీసింది లేదు. ముగ్గు పోయిందని ఏడవట్లేదు నేను. ముగ్గంటే నాకు భయం నేర్పారే, అందుకు ఒళ్లు మండుతోంది! సిగ్గులేదూ మీకు?"

"చూశారా! కాస్త పేరు రాగానే ఎంత పొగరో!" అన్నాడు జంబయ్య. కొంగ తల ఊపింది. మిగతావాళ్లూ ఊపారు. ఛీ! నిజం మాట్లాడితే పొగరు అనడం ఎంత తేలికో చూడండి.

నూకాలు ఇంక వాళ్లతో మాట్లాడలేదు. వాళ్ల కాళ్ల సందుల్లోంచి దూరి, కాలే ఇసకలో దిగువకు నడిచింది. సగం దారిలో వెల్లకిలా పడిపోయింది. పైడమ్మ ఎదురొచ్చి, డెక్క అందించి, తడి ఇసకలోకి లాగింది.

కాసేపటికి ఊపిరి తేలికపడింది. "అత్తా, నాకు చేతులు రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచట్లేదు" అంది నూకాలు. అన్నిటికన్నా దానికి ఆ సంగతే భయమేసింది.

"ముగ్గు సంగతి తర్వాత. ముందు తిను" అంది పైడమ్మ.

నూకాలు ఇసక నోట్లో వేసుకుంది. ఆకలిగా తింది. ఒక ఉండ వచ్చింది, పక్కన పెట్టింది. ఇంకో ఉండ వచ్చింది. మూడో ఉండ చేతికి రాగానే కళ్లు చోటు వెతికాయి. కొంచెం వంకరగా పెట్టింది. ఆ వంకర బాగుందనిపించింది. ఇంక ఆగలేదు. రెండు డెక్కలూ చకచకా ఆడాయి.

"పోటు వచ్చేస్తోందే! ఇప్పుడెందుకు మొదలెట్టావు?" అంది పైడమ్మ.

"వచ్చేలోగా ఎంతయితే అంత!" అంది నూకాలు.

అల వచ్చేసరికి సగమే అయింది.

"అయ్యో, సగమేనా!" అంది పైడమ్మ.

"సగమైతేనేం అత్తా? ఇది ఇవాళ్టిది!" అని నూకాలు పకపకా నవ్వింది. కడుపు నిండుగా, మనసు తేలిగ్గా, నీళ్లకంటే ఒక్క అడుగు ముందు కన్నంలోకి దూకింది.

నీతి: నిన్నటి పనికి కాపలా కూర్చుంటే ఇవాళ్టి సంతోషం ఎండిపోతుంది. జాలిపడేవాళ్లు జాలిపడనీ, శాలువా కప్పేవాళ్లు పిలవనీ, చేతిలో పని మాత్రం వదలకూడదు.