జింక వాటా

అనగనగా, కొండలు ఇప్పటికన్నా రెండు నిలువులు ఎత్తుగా, మనుషుల మాటలు ఇప్పటికన్నా నాలుగు తక్కువగా ఉండే రోజుల్లో, కందమూరు అనే రాజ్యం ఉండేది. భువనకీర్తి అనే రాజు దాన్ని ఏలేవాడు. రాజ్యానికి పడమటి దిక్కున లేళ్ళకోన అనే అడవి. పేరుకు తగ్గట్టే దాని నిండా జింకలు.

ఆ కాలంలో జింకలు మాట్లాడేవి. మరి ఇప్పుడు మాట్లాడవేం అని అడుగుతారు మీరు. వినేవాళ్ళు లేకపోతే మీరైనా ఎంతకాలమని మాట్లాడతారు? సరే, కథకు వద్దాం.

ఏడాదిలో పదకొండు నెలలు లేళ్ళకోనలోకి మనిషి అడుగు పెట్టకూడదు. మార్గశిర మాసంలో మాత్రం వేటగాళ్ళ పల్లెకు అనుమతి ఉండేది. ఇంటికి ఒక్క జింక, అంతే. దాన్ని విల్లు నెల అనేవారు. ఆ నెలలో వల పన్నకూడదు, గొయ్యి తవ్వకూడదు, కుక్కల్ని తోలకూడదు. తన చేత్తో తాను నారి లాగిన విల్లు ఒక్కటే పట్టాలి. విల్లు పట్టనివాడు ఊరికే అడవిలో తిరిగి జింకలను బెదరగొట్టకూడదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. జింకను ఎదురు రొమ్మున కొడితే ప్రాణం పోక, గాయంతో అల్లాడుతుంది. అందుకని అది పక్కకు తిరిగేదాకా వేటగాడు నారి లాగి పట్టుకుని ఆగాలి. ఎంత మొనగాడైనా ఎంతసేపని ఆగగలడు? కాసేపటికి చెయ్యి వణుకుతుంది. వణికిందంటే విల్లు దించెయ్యాలి. ఆ జింక జోలికి ఆ రోజు మళ్ళీ పోకూడదు. చేతికొచ్చే ఆ అలసటనే పల్లెవాళ్ళు జింక వాటా అనేవారు. చేలో పిట్టలకు నాలుగు కంకులు వదిలేవాళ్ళు కదా, వేటలో జింకకు అది వదిలేవాళ్ళు.

ఆ పల్లెలో ఓబన్నను మించిన విలుకాడు లేడు. అయినా ఇరవై ఏళ్ళ వేటలో ఏడేళ్ళు ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. "చెయ్యి వణికింది, దించేశాను" అనేవాడు. అడవిలో చూసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా తనే చెప్పేవాడు.

మూడేళ్ళ కిందట ఓబన్న తేనె కోసం ఊరి వెనక బండ ఎక్కి జారిపడ్డాడు. కుడి భుజం విరిగింది. కట్లు కట్టారు, ఎముక అతికింది. కానీ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవలేదు. అన్నం కలుపుకోవడానికి పనికొచ్చింది గానీ, నారి లాగడానికి పనికిరాలేదు.

అప్పటినుంచీ విల్లు నెల వస్తే చాలు, ఓబన్న పొద్దు పొడిచేసరికి అడవి అంచున ఒక రాతి మీద కూర్చునేవాడు. తోటివాళ్ళు విల్లులు భుజాన వేసుకుని ఒక్కొక్కరే చెట్ల మధ్యకు వెళ్ళిపోతుంటే చూసేవాడు. మంచుకు తడిసిన గడ్డి వాసన వచ్చేది. ఎక్కడో కొమ్మ విరిగిన చప్పుడు వినబడేది. అంతకుమించి ఒక్క అడుగు ముందుకు వెయ్యడానికి లేదు. ఆ ఒక్క అడుగు కోసం ఓబన్న ప్రాణం కొట్టుకుపోయేది.

అతని భార్య ఎల్లసానికి ఇది అర్థమయ్యేది కాదు. "ఇరుగుపొరుగు ఏటేటా మాంసం పంపుతూనే ఉన్నారు. కూరకేం లోటయ్యా నీకు?" అని అడిగింది ఒకసారి.

"కూర సంగతి కాదే" అన్నాడు ఓబన్న. "జింక నా ఎదురుగా నిలబడి నా కళ్ళలోకి చూసి మూడేళ్ళయింది."

ఎల్లసాని మరి ఆ మాట ఎత్తలేదు.

ఇలా ఉండగా పాపిశెట్టి అనే వర్తకుడు ఎక్కడో తూర్పు రేవుల నుంచి ఒక కొత్త సరుకు తెచ్చాడు. దాని పేరు మీటవిల్లు. ఒక కొయ్య బద్దె మీద విల్లును అడ్డంగా బిగించి ఉంటుంది. పక్కనున్న పిడి తిప్పితే నారి వెనక్కి వచ్చి గాడిలో కూర్చుంటుంది. కింద మీట ఉంటుంది. మీట నొక్కితే బాణం పోతుంది. నొక్కకపోతే పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నారి అలాగే లాగి ఉంటుంది. ఎడమచేత్తోనైనా తిప్పొచ్చు, చంటిపిల్లాడైనా నొక్కొచ్చు.

పల్లెలో పడుచువాళ్ళు ఎగబడ్డారు. వాళ్ళకు నారి లాగే సత్తువ లేక కాదు, లాగడం ఎందుకు దండగని. పల్లెపెద్ద సింగన్న మాత్రం ససేమిరా అన్నాడు. విల్లు నెలలో అది పట్టడానికి వీల్లేదన్నాడు. అది విల్లే కదా అని పడుచువాళ్ళు వాదించారు. మాట మీద మాట పెరిగి, సరిగ్గా విల్లు నెల మొదట్లో తగువు రాజుగారి దగ్గరికి చేరింది.

సభలో పాపిశెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తన లాభం కోసం ఒక్క ముక్కయినా అడగలేదు. ఓబన్నను ముందుకు తెచ్చి నిలబెట్టాడు. ఇంతటి విలుకాడు అడవి అంచున కూర్చుని కుమిలిపోతున్నాడు, ఇతని ముఖం చూసైనా మీటవిల్లును అనుమతించండి అన్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. అలా ఉంది శెట్టి జాలి.

కానీ ఓబన్న గుండె మాత్రం నిజంగానే ఎగిరిపడింది. అతని చూపు మీటవిల్లు మీదే ఉంది. రాజు ఆ చూపును గమనించాడు.

"ఓబన్నా, మూడు రోజులు ఈ విల్లు తీసుకుని అడవికి వెళ్ళు" అన్నాడు రాజు. "నాలుగో రోజు వచ్చి, దీన్ని విల్లు నెలలో ఒప్పుకోవాలో వద్దో నువ్వే చెప్పు. నీ మాటే అందరికీ శాసనం."

సింగన్నకు మతిపోయింది. ఆకలితో ఉన్నవాణ్ణి వడ్డించమంటావా వద్దా అని అడిగినట్టుంటుంది ప్రభూ అన్నాడు. ఎవరూ చూడని చోట ఏడేళ్ళు విల్లు దించినవాడి మాట తనకు చాలునన్నాడు రాజు.

ఆ సాయంత్రం పాపిశెట్టి తన దగ్గరున్న వాటిలోకెల్లా మంచి మీటవిల్లు తెచ్చి ఓబన్న ఒళ్ళో పెట్టాడు. తీర్పు అనుకూలంగా వస్తే అది ఊరికే ఇచ్చేస్తానన్నాడు.  ఓబన్న కొయ్య బద్దెను నిమురుతూ కూర్చున్నాడు.

మొదటి రోజు ఓబన్న అడవిలో అడుగు పెట్టాడు. మూడేళ్ళ తర్వాత! ప్రతి చెట్టునూ పలకరించాలనిపించింది. వాగు దగ్గర పొదలో కూర్చున్నాడు. ఒక ఆడజింక వచ్చి, అతన్ని పసిగట్టి, ఎదురుగా తిరిగి నిలబడింది. దాని కళ్ళలోకి చూస్తుంటే ఓబన్నకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అంతలో దాని వెనక నుంచి పిల్ల తొంగిచూసింది. పిల్లతల్లిని కొట్టకూడదు. విల్లు దించి, కడుపు నిండినట్టు ఇంటికొచ్చాడు.

రెండో రోజు పెద్ద కొమ్ముల మగజింక వచ్చింది. అదీ అలాగే ఎదురుగా తిరిగి కదలకుండా నిలబడింది. ఓబన్న గురిపెట్టి ఆగాడు. మామూలు విల్లయితే ఈపాటికి చెయ్యి వణికేదే. మీటవిల్లు కొమ్మకు ఆనుకుని ఉంది, నారి గాడిలో ఉంది. ఏదీ అలిసిపోలేదు. చాలాసేపయ్యాక జింక పక్కకు తిరిగింది. భయంతో తిరగలేదు, పని అయిపోయింది ఇక మేతకు పోదాం అన్నట్టు నింపాదిగా తిరిగింది. ఓబన్న మీట నొక్కాడు.

పల్లె పల్లెంతా వచ్చి మెచ్చుకుంది. ఎల్లసాని మసాలా నూరి కూర వండింది. ఓబన్నకు మాత్రం ముద్ద గొంతు దిగలేదు. ఎందుకో అతనికే తెలియలేదు. ఆ జింక తిరిగిన తీరే కళ్ళ ముందు మెదులుతూ ఉంది.

ఆ ఏటి జింక ఇంటికి వచ్చేసింది కనుక మూడో రోజు అడవికి పోవాల్సిన అవసరం లేదు. కానీ మూడు రోజులని రాజుగారి మాట. కొట్టకూడదు, గురిపెట్టి చూద్దాం అనుకుని ఓబన్న బయల్దేరాడు. నిజం చెప్పాలంటే రాజాజ్ఞ లేకపోయినా వెళ్ళేవాడే.

ఆ రోజు ఒక లేత జింక వచ్చింది. కొమ్ములు ఇంకా మొగ్గలే. ఎదురుగా తిరిగి నిలబడింది. ఓబన్న గురిపెట్టాడు. జింక కదలలేదు, విల్లూ కదలలేదు. పొదల మీద ఎండ వేలెడు జరిగింది. లేత జింక కాళ్ళు సన్నగా వణకడం మొదలుపెట్టాయి.

"తాతా, నీ చెయ్యి ఇంకా నొప్పెట్టలేదా?" అంది జింక.

ఓబన్న నిర్ఘాంతపోయాడు. "ఎందుకలా అడుగుతున్నావు?" అన్నాడు మెల్లగా.

"మనిషి గురిపెడితే పారిపోవద్దు, పారిపోతే పక్క చూపించినట్టవుతుంది అని చెప్పింది మా అమ్మ. ఎదురుగా తిరిగి ఇరవై లెక్కపెట్టమంది. ఆలోగా మనిషి చెయ్యి వణుకుతుందట, విల్లు దించేస్తాడట. మా అమ్మకు వాళ్ళమ్మ చెప్పిందట. నేను మూడుసార్లు ఇరవై లెక్కపెట్టాను తాతా. నాకు కాళ్ళు నొప్పెడుతున్నాయి."

అప్పుడు అర్థమైంది ఓబన్నకు. నిన్నటి మగజింక కూడా లెక్కపెట్టుకుంది. తన వాటా తనకు దక్కిందనుకుని, నమ్మకంతో పక్కకు తిరిగింది. జింక వాటా మనుషులు పెట్టిన కట్టుబాటే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అడవి అంతా ఆ మాట మీదే నిలబడి ఉందని తెలియదు అతనికి. ఓబన్న విల్లు దించేశాడు. జింక ఒక్క గెంతుతో పొదల్లోకి పోయింది. ఓబన్న అక్కడే కూలబడి, నిన్నటి జింక కోసం ఏడ్చాడు.

నాలుగో రోజు సభ కిక్కిరిసింది. పాపిశెట్టి నవ్వుతూ కూర్చున్నాడు. ఓబన్న మీటవిల్లును రాజు పాదాల దగ్గర పెట్టాడు.

"మహారాజా, ఈ విల్లు నాకు కావాలి. ఇది లేకపోతే మళ్ళీ ఆ రాతి మీద కూర్చోవాల్సిందే. ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకొక్కడికే తెలుసు" అన్నాడు. వంగి కొయ్య బద్దెను ఒకసారి నిమిరాడు. మళ్ళీ అన్నాడు. "అయినా చెబుతున్నాను, దీన్ని ఒప్పుకోవద్దు. ఇది అలిసిపోదు. అలిసిపోని విల్లు ముందు జింకకు వాటా లేదు."

లేత జింక అడిగిన మాట కూడా సభకు చెప్పాడు. పడుచువాళ్ళు తలలు దించుకున్నారు.  తీర్పు సరైనదే. కానీ నిజం చెప్పినందుకు ఈ మనిషిని మళ్ళీ అడవి బయట కూర్చోబెట్టడానికి రాజుకు మనసొప్పలేదు.

"విల్లు అలిసిపోదు, సరే. దాన్ని పట్టినవాడిలో అలిసిపోయేది ఇంకేమీ లేదా ఓబన్నా?" అన్నాడు.

ఓబన్న ఆలోచించాడు. "ఊపిరి ఉంది మహారాజా" అన్నాడు. "బిగబడితే ఇరవై లెక్కకు మించి నాకు ఆగదు."

రాజు లేచి నిలబడి శాసనం చెప్పాడు. చెయ్యి సత్తువ ఉన్నవాడు విల్లు నెలలో మీటవిల్లు తాకకూడదు. చెయ్యి లేవనివాడు, పల్లెపెద్ద చూసి అవునన్నవాడు, పట్టొచ్చు. అయితే గురిపెట్టగానే ఊపిరి బిగబట్టాలి. ఊపిరి వదిలితే విల్లు దించాలి.

పాపిశెట్టి ముఖం మాడిపోయింది. చెయ్యి లేవనివాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉంటారు? ఉండబట్టలేక లేచాడు. "చిత్తం ప్రభూ. కానీ అడవిలో ఊపిరి వదిలాడో లేదో చూసేదెవరు?"

"ఇన్నేళ్ళూ చెయ్యి వణికిందో లేదో చూసిందెవరు శెట్టీ?" అన్నాడు రాజు.

శెట్టి కూర్చున్నాడు. వారం తిరగకుండా బళ్ళు కట్టుకుని ఇంకో రాజ్యానికి వెళ్ళిపోయాడు. పోయేముందు ఓబన్నకు ఇస్తానన్న మీటవిల్లు వెనక్కి అడిగాడు. రాజు దాని వెల తనే చెల్లించి, విల్లును ఓబన్నకే ఉంచాడు.

మరుసటి ఏడు విల్లు నెల వచ్చింది. ఓబన్న తోటివాళ్ళతో పాటు అడవిలోకి నడిచాడు. వాగు దగ్గర ఒక జింక ఎదురుపడి నిలబడింది. ఓబన్న గురిపెట్టి ఊపిరి బిగబట్టాడు. పది లెక్క. పదిహేను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. జింక కదలలేదు, అతని కళ్ళలోకే చూస్తోంది. పంతొమ్మిది. ఇరవై దగ్గర ఓబన్న ఊపిరి వదిలేసి, విల్లు దించాడు. జింక నింపాదిగా పక్కకు తిరిగి, అతనికి వీపు చూపించి, మేస్తూ వెళ్ళిపోయింది. ఏమైనా మాట్లాడుతుందేమోనని ఓబన్న చాలాసేపు చూశాడు. అది మాట్లాడలేదు. భయపడనూ లేదు.

ఆ నెలంతా ఓబన్నకు ఒక్క జింకా పడలేదు. అయినా ఏనాడూ పొద్దు పొడిచాక ఇంట్లో ఉన్నది లేదు.

అలిసిపోని ఆయుధం చేతికొచ్చినప్పుడు, ఎదుటి ప్రాణికి దక్కవలసిన వాటాను మనిషే తన నిజాయితీతో కొలిచి ఇవ్వాలి.