బంగారు కంబం

బంగారు గనిలో ఉలి పట్టే మారెన్నకు అన్నం సయించడం లేదు. అమావాస్య దగ్గర పడుతోంది. ఆ లోపల వెదురు గొట్టం నిండా బంగారు పొడి ఇవ్వకపోతే గని మీద బతికేవాళ్ళ గుడిసెలన్నీ కాల్చేస్తానని పాలెగాడు కబురంపాడు. ఊరికే బెదిరించే మనిషి కాదాయన. పక్క కొండవాళ్ళ గుడిసెల బూడిద ఇంకా గాలికి ఎగురుతూనే ఉంది.

గొట్టంలో చూస్తే అడుగుభాగం మాత్రమే నిండింది.

బండల్లో తుపాకిమందు కూరి పేల్చడం ఇంకా రాని కాలం అది. అప్పట్లో బంగారం తీయడమంటే ఎలా ఉండేదో కాస్త చెప్పుకోవాలి. భూమిలో అది కడ్డీల్లాగానో కాసుల్లాగానో పడి ఉంటుందని మనం అనుకుంటాం. అలా ఉండదు. మనిషనేవాడు పుట్టకముందు ఎప్పుడో, భూమి అడుగున సలసల కాగిన నీళ్ళు నల్లరాతి పగుళ్ళలోంచి పైకి పాకాయి. పైకొచ్చేకొద్దీ చల్లారాయి. చల్లారుతూ ఆ పగుళ్ళ నిండా తెల్లరాయిని పేర్చి, అందులో అక్కడక్కడ చిటికెడు బంగారాన్ని వదిలేశాయి. ఉప్పునీళ్ళు మరిగిన కుండ అంచున ఉప్పు పేరుకోదూ, అలాగన్నమాట. ఆ తెల్లచారను గనివాళ్ళు నరం అంటారు. నరం ఒకచోట మనిషంత లావుంటుంది. నాలుగు బారలు పోయేసరికి వేలంత సన్నబడుతుంది. ఎక్కడ ఉబ్బుతుందో, ఎక్కడ చస్తుందో పైన నిలబడి చెప్పగలిగినవాడు లేడు.

మరి కొండలో నరముందని ఎలా తెలిసింది? ఆ కొండకు మొదట వచ్చినవాళ్ళు చెదపుట్టల మట్టి కడిగి చూశారట. చెదలు తడి వెతుక్కుంటూ లోతుకు పోతాయి, అక్కడి మట్టిని పైకి మోసుకొస్తాయి. మనిషి తవ్వకముందే అవి తవ్వి చూపిస్తాయి. తర్వాత వాగు ఇసుకను మరిగె అనే చెక్క పళ్ళెంలో కడుగుతూ ఎగువకు నడిచారు. మరిగె అంచున బంగారు రేణువుల పసుపు తోక కనబడినంత మేరా నడిచి, అది మాయమైనచోట ఆగి, కొండవైపు తిరిగారు. బండ మీద కట్టెలు పేర్చి మంటపెట్టి, కాలిన బండ మీద చన్నీళ్ళు చల్లితే అది పగులుతుంది. పగిలినంత తీసుకోవడం, మళ్ళీ మంటపెట్టడం. అలా తండ్రులూ కొడుకులూ, గురువులూ శిష్యులూ నరం వెంట దిగుతూనే పోయారు.

ఇప్పుడు అడుగున నీళ్ళు పడ్డాయి. నీళ్ళకు పైన నరం వేలంత సన్నబడింది.

ఇక మిగిలింది కంబం.

గనిలోపల, దారి మధ్యలో, ఇల్లంత వెడల్పున్న గుహ ఒకటుంది. నరం బాగా ఉబ్బినచోటు అది. చుట్టూ తీసేసి, నడుమ మాత్రం ఒక దిమ్మెను పాతవాళ్ళు ముట్టకుండా వదిలేశారు. అదే కంబం, అడుగునుంచి కప్పుదాకా తెల్లరాయి. దీపం దగ్గరపెడితే పసుపు మెరుపులు కంటికే కనబడతాయి. రాళ్ళగంపలు మోసే ఆడవాళ్ళు రోజూ దాన్ని భుజంతో రాసుకుంటూ పోతారు. వాళ్ళలో మారెన్న భార్య హనుమక్క కూడా ఉంది.

కంబంలో సగం చెక్కితే గొట్టం నిండుతుందని మారెన్న లెక్క. తోటివాళ్ళు కొందరు వద్దన్నారు, కొందరు తలదించుకున్నారు. కొరవంజి వేషం కట్టే ఈరన్న అనేవాడు మాత్రం, కప్పు కూలి చావడమా, కాలి చావడమా, నీకేది ఇష్టమో ఎంచుకో మారెన్నా, నాకైతే చలికాలం కాబట్టి రెండోదే మేలు అని నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు.

మారెన్న గురువు కదిరప్ప దగ్గరికి పోయాడు. కదిరప్ప బండను చూసి నరం పోకడ చెప్పగలిగిన ముసలాయన. మనుషులతో మాటలు తక్కువ. పాతవాళ్ళు పిరికివాళ్ళనీ, దిమ్మెను దేవుడనుకుని వదిలేసి ఉంటారనీ మారెన్న చెప్పుకొచ్చాడు. తాను గడ్డపారతో కప్పంతా తట్టి చూశాననీ, ఎక్కడా డొల్లగా మోగలేదనీ చెప్పాడు.

"ఒకవేళ పడితే నా ఒక్కడి మీదే పడనీ సామీ. పూచీ నాది."

కదిరప్ప అందరినీ గంజి తాగమని పైకి పంపాడు. చివరి మనిషి పైకెక్కిందాకా గని నోటి దగ్గరే నిలబడ్డాడు. తర్వాత ఆముదం దీపం తీసుకుని, చంకలో ఈతచాప పెట్టుకుని దిగాడు. వెనకే మారెన్న, సుత్తీ ఉలీ పట్టుకుని.

గుహలో ఎవరూ లేరు. రోజూ గంపల చప్పుడు, దగ్గులు, తిట్లు ఉండే చోటు. ఇప్పుడు ఎక్కడో అడుగున నీటిచుక్క పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మారెన్నకు తన ఊపిరే ఎవరిదో అనిపించింది.

కదిరప్ప కంబం పక్కన చాప పరిచాడు. దీపాన్ని ఒక రాతి మీద పెట్టాడు. వెల్లకిలా పడుకుని చేతులు పొట్ట మీద పెట్టుకున్నాడు.

"ఇదేంది సామీ?"

"నడుం నొప్పిగా ఉందప్పా. నువ్వు కానియ్యి."

"అక్కడెందుకు? ఇట్లా బయట పడుకో."

"తట్టి చూసినానంటివి కదా."

మారెన్న కప్పువైపు చూశాడు. మసిపట్టిన నల్లబండ. ఎన్ని తరాల మంటలు నాకి ఉంటాయో దాన్ని. పగుళ్ళున్నాయా అంటే ఉన్నాయి. నిన్న కూడా ఉన్నాయి. నిన్న అవి ఒట్టి గీతలు.

ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. మారెన్నకు గుడిసెలు గుర్తొచ్చాయి. బూడిద గుర్తొచ్చింది. ఉలిని తెల్లరాతికి ఆనించి, పళ్ళు బిగించి, ఒక్క దెబ్బ వేశాడు.

దెబ్బ చప్పుడు గోడలకు తగిలి తిరిగొచ్చింది. అది అణిగాక, ఇంకో చప్పుడు. చిన్నది. ఎండుపుల్ల విరిచినట్టు, కానీ బండ లోపల, చాలా లోతున. తర్వాత సన్నని మట్టి ధారగా జారి కదిరప్ప రొమ్ము మీద పడసాగింది.

ఆయన కదల్లేదు. తుడుచుకోలేదు కూడా. మూసిన రెప్పలు మాత్రం అదురుతున్నాయి. మారెన్న అది చూశాడు. గురువుకు భయం లేదనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"లెయ్ సామీ," అన్నాడు. మళ్ళీ అన్నాడు.

"నేను లేస్తే కొడతావా?"

మట్టి జారుతూనే ఉంది. కాసేపటికి సన్నబడి ఆగిపోయింది. ఆగాక ఆ నిశ్శబ్దం ఇంకా భయంగా ఉంది. బండ వింటున్నట్టుంది. మారెన్న సుత్తిని కింద పడేయలేదు. చప్పుడవుతుందని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా నేల మీద పెట్టాడు. చెయ్యి అందించి ముసలాయనను లేపి, దూరంగా తెచ్చి నిలబెట్టాడు.

"దొర దగ్గరికి నేనే పోతా," అన్నాడు.

"ఏం చెప్తావు? బంగారం లేదంటావా?"

"ఉందనే చెప్తా. కావాలంటే వచ్చి ఈ చాప మీద కూర్చోమంటా. ఆయన కూర్చుంటే నేను కొడతా."

ఆ మాటకు పాలెగాడు తల తీయించవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పోవద్దని గురువు అనలేదు.

మారెన్న దీపం అందుకోవడానికి వంగాడు. అప్పుడు వెలుగు అడ్డంగా కంబం మీద పడింది. తన ఉలి దెబ్బ తెల్లగా, పచ్చిగా ఉంది. దాని పక్కన ఇంకొకటి, మసిపట్టి. దాని పక్కన మరొకటి, ఇంకా నల్లగా. ఆ వరస చీకట్లోకి, కంబం అవతలి వైపుకు తిరిగిపోయింది. ఒక్కో గుర్తూ ఒక్క దెబ్బే. ఏ గుర్తు మీదా రెండో దెబ్బ లేదు.

మారెన్న గురువు వైపు తిరిగాడు.

కదిరప్ప రొమ్ము మీది మట్టి దులుపుకుని, దగ్గరికొచ్చి, తెల్లటి గుర్తు పక్కనున్న మసిగుర్తులో తన బొటనవేలు పెట్టాడు. తన పాత దెబ్బను తడిమినట్టు కాసేపు అలాగే ఉంచాడు.

"పద," అన్నాడు. "గంజి చల్లారిపోతుంది."