మైనపు బాట మీద మేక పందెం

గుర్రప్పందేల మైదానం పక్కన ఒక లాయం. అందులో గోరింట అనే ఆడగుర్రం, దానికి తోడుగా ముత్తెమ్మ అనే మేక. పందెపు గుర్రాలు చూడ్డానికే అంత ఠీవి, లోపల పిరికి ప్రాణం. ఒంటరిగా కట్టేస్తే మేత ముట్టవు, కునుకు తీయవు. అందుకే పక్కన ఒక మేకను ఉంచడం లాయాల్లో ఆనవాయితీ. ముత్తెమ్మ నెమరేస్తూ లోకంలోని కబుర్లన్నీ చెబుతుంటే గోరింట ఊ కొడుతూనే నిద్రలోకి జారుకునేది.

రణభేరి అనే పెద్ద గుర్రానికి మాత్రం తోడు లేదు. వచ్చిన ప్రతి మేకా దాని గొప్పలు వినలేక నాలుగు రోజుల్లో పారిపోయేది. దాని కొట్టం కంచె పక్కన, అన్నిటికన్నా చివర ఉంది. కంచెలో ఒక పలక ఊడిపోయింది. ఆ సందులోంచి ఒక నక్క రోజూ తల దూర్చి రణభేరిని పొగిడిపోయేది.

"మీ అంతటివారికి తోడు లేకపోవడమేంటి దొరా? ఆ ముత్తెమ్మను తెచ్చుకోండి" అంది నక్క ఒకరోజు. మేక ఆ కొట్టంలోకి వస్తే చాలు, సందులోంచి కాలు పట్టి లాగేయవచ్చని దాని ఎత్తు.

లాయంలో ఏ తగవైనా పరుగుతోనే తేలాలి. తీర్పరి, మైదానం చదును చేసే ఎద్దు వీరన్న.

"గోరింటతో పరుగులో నేను గెలిస్తే మేక నాది" అంది రణభేరి.

గోరింట జరిగి ముత్తెమ్మకు అడ్డంగా నిలబడింది.

"మరి ఓడితే?" అని అడిగింది వీరన్న.

రణభేరికి ఆ ఆలోచనే రాలేదు. నక్కే ముందుకొచ్చింది. "మా దొర ఓడటమా? ఓడితే మేక బదులు నేనే వచ్చి పక్కన పడుకుంటా, బతికున్నన్నాళ్ళూ. ఈ మాట రాతి మీద గీతనుకో."

"సరే, అనుకున్నా" అంది వీరన్న.

అందరూ వెళ్ళాక గోరింట కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అత్తా, దాన్ని నేనేం గెలుస్తాను? మట్టి బాట మీద అది ముందే దూకేస్తుంది. దాని గిట్టల నుంచి లేచే మట్టంతా నా మొహాన పడుతుంది. కళ్ళు తెరవలేను, ఊపిరాడదు. నువ్వు పోతే నేనెలా ఉండాలి?"

"మట్టి లేచే బాటైతే కదమ్మా ఆ బాధ. అవతల కొత్తగా సింథటిక్ బాట వేశారు, చూడలేదూ? ఇసుకకు మైనం పట్టించి, రబ్బరు ముక్కలు కలిపి పరిచారు. నిన్న దానిమీద గంతులేసి వచ్చాను. ఎంత తన్నినా పైకి లేచేది చిటికెడే."

"దానిమీద పరుగుకి రణభేరి ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోవడమేంటి, అదే పట్టుబడుతుంది చూడు" అంది ముత్తెమ్మ.

పందెం నాడు పొద్దున్నే వాన కురిసింది. మట్టి బాట బురదైంది. జూలు దువ్వించుకుని, నుదుట కుచ్చు కట్టించుకుని రణభేరి బయటికొచ్చింది. ముత్తెమ్మ ఎదురెళ్ళి దండం పెట్టింది.

"ఇంత ముస్తాబూ ఈ బురద పాలేనా దొరా? ఆ కొత్త బాట చూడండి, వాన నీళ్ళన్నీ ఇంకిపోయి ఎంత శుభ్రంగా ఉందో. గొప్పింటి గుర్రాల కోసం వేశారట. మీరు దానిమీద పరిగెత్తితే చూడాలని నా ఆశ. అయినా అలవాటు లేని బాట, మీకెందుకు లెండి."

"నాకు అలవాటు లేకపోవడమా? ఇవాళ పరుగు దానిమీదే."

నక్క గాభరాగా చెవిలో గొణిగింది. "వద్దు దొరా, మీ బలమంతా మట్టిలోనే ఉంది."

"ఏం, మట్టి లేకపోతే నేను గెలవననా?"

రణభేరి కుచ్చు ఎగరేసుకుంటూ కొత్త బాట వైపు నడిచింది.

వీరన్న రంకె వేయగానే రణభేరి ఎప్పటిలాగే ముందుకు దూకింది. గోరింట ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని మట్టి కోసం ఎదురుచూసింది. మట్టి రాలేదు. మెల్లగా ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. ఎదురుగా బాట, పచ్చిక, తేటగా ఆకాశం. పందెంలో పరిగెడుతూ ఇవన్నీ చూడటం దానికి ఇదే మొదటిసారి. సంతోషంతో కాళ్ళు వాటంతటవే సాగాయి.

మొదట్లోనే ఉన్న సత్తువంతా ఖర్చుపెట్టి, వెనకవాళ్ళను మట్టికి వదిలేయడం రణభేరి అలవాటు. మలుపు దగ్గర వెనక్కి చూస్తే గోరింట మొహం కడిగిన ముత్యంలా కనబడింది.

"ఇంకా ఉన్నావా నువ్వు?" అంది రొప్పుతూ.

"ఉన్నాను మామా. కాస్త దారివ్వు."

దారిచ్చినా ఇవ్వకపోయినా గోరింట పక్కనుంచి దాటిపోయింది. గెలుపు గీత దగ్గర ముత్తెమ్మ నాలుగు కాళ్ళతో ఎగిరెగిరి గంతులేసింది. గోరింట తిన్నగా వెళ్ళి దాని మెడలో మొహం దాచుకుంది.

నక్క మెల్లగా కంచె వైపు జారుకుంది. అప్పటికే వీరన్న ఆ సందుకు అడ్డంగా తీరిగ్గా పడుకుని ఉంది. "రాతి మీద గీత అన్నట్టు గుర్తు" అంది కదలకుండా.

రణభేరి వచ్చి నక్కను కొట్టంలోకి తోసింది. "రా, ఇలా పడుకో. ఇవాళ ఓడిపోయానంటే దానికి చాలా కారణాలున్నాయి. నేను పుట్టిన దగ్గర్నుంచి చెబుతాను, విను."

అది ఇంకా చెబుతూనే ఉంది, నక్క ఊ కొడుతూనే ఉంది. రెండు కొట్టాల అవతల గోరింట మాత్రం ముత్తెమ్మ పక్కన గుర్రుపెట్టి నిద్రపోతోంది.

ఇందులో నేర్చుకోవలసింది ఇదీ: ఎదుటివాళ్ళ కళ్ళలో దుమ్ము కొట్టి గెలిచేవాడికి, దుమ్ము లేని చోట కాళ్ళాడవు.