పలక మీద మసకచుక్క

బట్టల సంచీని గుమ్మం బయట పెట్టి హైమవతి వైద్యశాలలోకి వచ్చింది.

ఆ ఉదయం మబ్బు కొండ దిగి కిటికీల్లోంచి లోపలికి వచ్చేసింది. గాజు సీసాలు, ఎండుటాకుల కట్టలు, అవ్యక్తానంద స్వామి తెల్లగడ్డం, అన్నీ అందులో తేలుతున్నట్టున్నాయి. సన్యాసం పుచ్చుకోకముందు ఆయన కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవారు. ఇప్పుడు ప్రభుత్వ అనుమతితో ఆశ్రమం వెనక నాలుగు మళ్ళలో గంజాయి మొక్కలు పెంచి, వాటిలో మత్తు లేని సారాలేమున్నాయో వెతుకుతున్నారు.

"వెళ్ళిపోతాను స్వామీ."

"ఎక్కడికమ్మా?"

"బొబ్బిలికి. పిల్లల దగ్గరికి."

భర్త పోయాక పిల్లలిద్దరినీ అక్క దగ్గర వదిలి, మందుల పని నేర్చుకోవడానికి వచ్చింది. రెండేళ్ళయింది. ఇంకొక్క ఏడాది ఉంటే సొంతంగా మందులు చేసి బతకగలదు. నీళ్ళు కాచి తాగారా, గోళ్ళు తీసుకున్నారా అని రోజూ ఫోన్లో అడుగుతుంది. నిన్న తొమ్మిదేళ్ళ కూతురు పావని, "తర్వాత మాట్లాడతానమ్మా, తమ్ముడికి అన్నం పెడుతున్నా" అంది. ఫోన్ పక్కన పడేసింది కాబోలు, "ఒరేయ్, మూడుసార్లు ఊదుకోమన్నానా? నోరు కాల్తాది" అని దూరంగా వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"నేను లేకుండానే వాళ్ళకి జరిగిపోతోంది స్వామీ. ఇంకో ఏడాది పోతే నేనొక చుట్టాన్ని."

"సరే. నిన్నటి పని ముగించి వెళ్ళు. పలకలో ఏం తేలింది?"

పూతకొచ్చిన మొక్క రసాన్ని గాజుపలక అంచున చుక్కగా పెట్టి ద్రావకంలో నిలబెడితే, ఒక్కో సారం ఒక్కో ఎత్తుకి పాకుతుంది. రంగు చల్లితే బయటపడుతుంది. నిన్నటి పలక మీద ఎర్రచుక్క ఒకటి, నారింజ చుక్క ఒకటి బాగా కనబడుతున్నాయి. మూడోది కనీకనబడని మసక. దాని పేరు కన్నబిజెరాల్. దానికెదురుగా హైమవతి పుస్తకంలో "లేనట్టే" అని రాసింది.

"ఈ మసక దేనికి పనికొస్తుంది స్వామీ?"

"వాపు తగ్గించవచ్చంటున్నారు. కంటిలో ఒత్తిడి తగ్గించవచ్చట. మొండి క్రిముల్ని చంపవచ్చట. చూసిందంతా గాజుగిన్నెల్లో, ఎలుకల్లో. మనుషుల్లో ఇంకా తేలలేదు. రాసేటప్పుడు ఆ 'వచ్చు' మాత్రం వదిలెయ్యకు."

"నేనా వదిలేది? తప్పు రాయాలంటే మీకంటే నాకే భయమెక్కువ."

స్వామి నవ్వి, మబ్బులోకి నడిచి వెళ్ళారు. జానెడు లేతమొక్కతో తిరిగొచ్చారు. దాన్ని నూరి, రసం తీసి, మరో పలక మీద చుక్క పెట్టి ద్రావకంలో నిలబెట్టారు. పొయ్యి మీద శొంఠి కషాయం పెట్టి కూర్చున్నారు. మబ్బు ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోతూ ఉంది.

పలక ఆరాక ఆయన రంగు చల్లారు.

ఎర్రచుక్క వెలవెలబోయి ఉంది. నారింజదీ అంతే. నిన్న లేనట్టే ఉన్న చోట మాత్రం చిక్కటి చుక్క తేలింది.

హైమవతి వంగి చూసింది. "చిన్నమొక్కలో ఇంతుందా? మరి పెద్దయ్యాక ఎక్కడికి పోయింది స్వామీ?"

స్వామి రెండు పలకలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకి పట్టుకున్నారు. మసక వెళ్ళి చిక్కటి చుక్క మీద కూర్చుంది. ఆయన వేలు దాని మీద ఒక్క క్షణం ఆగి, అక్కణ్ణుంచి మెల్లగా ఎర్రచుక్క మీదికి, నారింజ చుక్క మీదికి వెళ్ళింది.

"ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయనుకున్నావమ్మా?"

ఆయన పలకలు దించి, కషాయం గ్లాసులో పోసి ఆమె చేతికిచ్చారు.

"కాలుతోంది. చూసుకో."

హైమవతి గ్లాసు పెదాల దగ్గరికి తెచ్చుకుంది. ఎప్పటి అలవాటు ప్రకారం ఒకసారి ఊదింది. రెండోసారి ఊదింది.

మూడోసారి ఊదబోయి, ఆగిపోయింది.